అంగడి పేరుకు కాపలా

"నోరు మంచిదైతే ఊరు మంచిది" అన్నారు పెద్దలు. మన నోరు మంచిగా ఉంచుకోవడం మన చేతిలో పని. ఊరి నోరు మాత్రం మన చేతిలో లేదు గదా! ఆ ఊరు ఇప్పుడు ప్రతివారి జేబులోనూ, అరచేతిలో పట్టే ఫోనులో కూర్చొని ఉన్నది. అది మన అంగడిని గురించి ఏమనుకొంటున్నదో చెవిన పెట్టకపోతే ఏమవుతుందో మా పేటలోనే ఒక సంగతి జరిగింది. వ్యాపారం చేసుకొనే కుటుంబాలు మన సంఘంలో చాల ఉన్నవి కనుక, ఆ సంగతి నలుగురితో చెప్పుకొందామని ఈ మాటలు వ్రాస్తున్నాము. మేము పండితులము కాము. కలాసిపాళ్యంలో ఒక లారీ ఆఫీసులో బిల్లులు వ్రాసుకొనే గుమాస్తాలము. చదువు మెట్రిక్ తోనే ఆగిపోయింది. ఐనా చూసింది చూసినట్టు చెప్పడానికి ఆ చదువు చాలుననుకొంటాము.

మా ఇంటికి రెండు క్రాసుల అవతల ఒక పచ్చళ్ళ అంగడి ఉన్నది. దానిని నడిపే పెద్దాయన మాకు బాబాయి, ఆయన భార్య మాకు పిన్ని. రక్తసంబంధం ఏమీ లేదు. ముప్పై ఏళ్ళుగా ఒకే పేటలో నీళ్ళు తాగడమే మా చుట్టరికం. ఆవకాయ, మాగాయ, గోంగూర, కందిపొడి, కరివేపాకు పొడి, సంక్రాంతికి అరిసెలు — అన్నీ పిన్ని చేతిమీదుగా వచ్చేవే. రెండేళ్ళ క్రితం ఆ కట్టడం యజమాని దానిని పడగొట్టి కొత్తది కడతానంటే, బాబాయి అంగడిని పక్క క్రాసుకు మార్చుకొన్నారు. పాతవాడుక వాళ్ళు వెతుక్కొంటూ వచ్చారు. కాని కొత్త ముఖాలు కనబడడం మానివేసినవి.

నెలలు గడిచినకొద్దీ బాబాయి ముఖం వాడిపోయింది. "కాలం మారిందయ్యా! ఈ కాలపు పిల్లలు పచ్చడి తినడం మానేశారు" అనేవారు. పిన్ని ఏమీ అనేది కాదు. ఒకనాడు మాత్రం, ఆవపిండి కలుపుతూ, "నా చెయ్యి పాడయిందేమో అబ్బాయీ, ఎవరూ మొహంమీద చెప్పలేకపోతున్నారేమో" అన్నది. నలభై ఏళ్ళు ఆవకాయ కలిపిన చెయ్యి అది! ఆ మాట వినగానే మాకు గుండెలో కలుక్కుమన్నది. ఆ వేసవి పచ్చడి పెట్టడం అయిపోగానే అంగడి ఎత్తివేద్దామని ఇద్దరూ అనుకొంటున్నట్టు మాకు తరువాత తెలిసింది.

ఉగాది వెళ్ళిన తరువాత ఒక ఆదివారంనాడు మేము అంగడిలో కూర్చొని ఉండగా, వైట్ ఫీల్డు నుంచి ఒక జంట వచ్చారు. ఆ అబ్బాయి గుమ్మంలోనే నిలబడి ఫోను ఒకసారి, అంగడి ఒకసారి చూస్తున్నాడు.

"ఏమండీ, మూసివేశారని ఉన్నదే? మా అత్తగారు ఒక్కసారి పోయి చూసి రమ్మంటే వచ్చాము" అన్నాడు.

బాబాయి కళ్ళజోడు సర్దుకొని, "ఎవరు బాబూ మూసింది? నేను మూయలేదే!" అన్నారు.

ఫోను అందుకొని చూస్తే నిజమే. పటంలో అంగడి పేరు ఉన్నది, పిన్ని పెట్టిన జాడీల ఫోటో ఉన్నది, దానికింద ఎర్రటి అక్షరాలతో శాశ్వతంగా మూసివేయబడినది అని వ్రాసి ఉన్నది. కొత్తవారు ఎవరైనా పచ్చళ్ళకోసం వెతికితే ఆ ఎర్ర అక్షరాలు చూసి మరో అంగడికి పోతున్నారు. మనిషి బ్రతికి ఉండగానే చావుకబురు ఊరంతా చాటినట్టు అయినది.

ఇదెవరి కుట్రా కాదు. పాత కట్టడం ముందు దిగివేసిన షట్టరు చూసి, దారిని పోయే మనిషి ఎవరో మంచి బుద్ధితోనే "ఈ అంగడి మూశారు" అని తెలియజేసి ఉంటాడు. తప్పు మా అందరిదీను. బోర్డు మార్చాము, కరెంటు మీటరు మార్చాము, చీటీలమీద చిరునామా మార్చాము. ఊరంతా చూసే ఆ పటంలో మాత్రం మార్చాలని ఒక్కరికీ తోచలేదు.

పేరు ఎట్లా పుట్టేది?

పూర్వం బెంగుళూరులో అంగడికి పేరు రావడానికి తరాలు పట్టేది. చిక్కపేటలో పట్టుచీరలు, బళేపేటలో వీణలు, మృదంగాలు, అవెన్యూ రోడ్డులో బడిపుస్తకాలు — ఏది ఎక్కడ బాగుంటుందో పెళ్ళిళ్ళలోనూ, కాఫీ హోటళ్ళలోనూ మాటమీద మాటగా తెలిసేది. మావళ్ళి టిఫిన్ రూమ్స్ సంగతి మన పెద్దలందరికీ తెలిసినదే. 1924లో మయ్య సోదరులు పెట్టిన చిన్న కాఫీ క్లబ్బు నుంచి అది పెరిగింది. వారిలో యజ్ఞనారాయణ మయ్యగారు 1951లో యూరపు వెళ్ళి, అక్కడి భోజనశాలల శుభ్రత చూసి వచ్చి, తమ చెంచాలు, కప్పులు, పళ్ళాలు సూక్ష్మక్రిములు లేకుండా శుద్ధిచేసే ఏర్పాటు పెట్టించారు. గోడమీద రంగులు వేయించి తెచ్చుకొన్న పేరు కాదది. వంటింట్లో సంపాదించుకొన్న పేరు.

నోటిమాట ఇప్పుడూ పోలేదు. ఐతే ఆ మాట గాలిలో కలిసిపోకుండా అచ్చుపడి నిలిచిపోతున్నది. పెళ్ళిలో ఒకావిడ "ఆ కొట్లో గోంగూర ఉప్పగా ఉన్నది" అంటే సాయంత్రానికి అందరూ మరచిపోతారు. అదే ఫోనులో వ్రాస్తే, మూడేళ్ళ తరువాత ఊరికి కొత్తగా వచ్చినవాడు కూడా చదువుతాడు. తేడా అంతా ఇక్కడే ఉన్నది.

వెతుకులాటకు ఎక్కువమంది వాడే గూగుల్ వారి పద్ధతి కొంచెం చెప్పుకొందాము. "దగ్గరలో పచ్చళ్ళ అంగడి" అని ఎవరైనా అడిగితే ఎవరిని ముందు చూపాలో ఆ యంత్రం ముఖ్యంగా మూడు సంగతులు చూసి నిర్ణయిస్తుందని వారే చెబుతున్నారు. అడిగినదానికీ, అంగడి అమ్మేదానికీ ఉన్న పొత్తు ఒకటి. అడిగినవాడికీ, అంగడికీ ఉన్న దూరం రెండవది. అంగడికి ఉన్న ప్రసిద్ధి మూడవది. ఈ వరుసలో పైకి ఎక్కించడానికి డబ్బు పుచ్చుకోమని కూడా వారు చెబుతున్నారు. ప్రకటన అని గుర్తువేసి డబ్బు తీసుకొని చూపేది వేరే సంగతి. కనుక "నెలకు ఇంత ఇవ్వండి, మీ అంగడిని మొదటి వరుసలో నిలబెడతాము" అని ఎవరైనా ఫోను చేస్తే నమస్కారం చెప్పి పెట్టివేయవచ్చును.

అంగడివాళ్ళు తమ వివరాలు తామే దిద్దుకొనే సౌకర్యం 2014లో ఒక పేరుతో మొదలై, 2021లో బిజినెస్ ప్రొఫైల్ అనే పేరు పెట్టుకొన్నది. దానికి రుసుము లేదు. అంగడి మనదేనని ఫోను ద్వారానో, వీడియో చూపించో, వారు అడిగిన మరొక విధంగానో రుజువు చేసుకోవాలి. అప్పుడు చిరునామా, వేళలు, ఫోను నెంబరు, ఫోటోలు మనమే సరిచూసుకోవచ్చును. ఇంటికి పట్టా ఉన్నట్టే ఇదీను. పట్టా మన పేర లేని స్థలంలో ఎవరైనా వచ్చి గుంజ పాతుతాడు.

గుంజ పాతినవాళ్ళు నిజంగానే ఉన్నారు. పటంలో తప్పు కనబడితే ఎవరైనా సవరణ సూచించవచ్చునన్న సౌకర్యాన్ని ఆసరా చేసుకొని, 2018లో మహారాష్ట్రలో దొంగలు కొన్ని బ్యాంకు శాఖల పేరుకింద తమ ఫోను నెంబర్లు చేర్చారు. బ్యాంకే కాబోలుననుకొని ఫోను చేసినవాళ్ళ వద్ద కార్డు వివరాలు, రహస్య సంఖ్యలు రాబట్టుకొన్నారు. పత్రికలన్నిటిలోనూ వచ్చిన సంగతే ఇది. అంతటి బ్యాంకులకే ఈ గతి పట్టితే, పచ్చళ్ళ అంగడి ఏపాటిది?

మనవాడు చేసిన కాపలా యంత్రం

ఇక్కడ మన కుటుంబాలవారు సంతోషించవలసిన సంగతి ఒకటి చెప్పాలి. అంతర్జాలంలో మన పేరు ఎక్కడ వినబడినా మనకు ఉత్తరం ద్వారా తెలియజేసే గూగుల్ అలర్ట్స్ అనే సౌకర్యం 2003లో వచ్చింది. దానిని చేసినవాడు తెలుగువాడే. అప్పటి కృష్ణా జిల్లా గంపలగూడెం నుంచి వెళ్ళి, ఐ.ఐ.టి.లో చదువుకొని, ఆ కంపెనీలో తొలినాళ్ళలోనే చేరిన నాగ కాటారు గారు. జనం మాటిమాటికీ తమ వద్దకు వచ్చి వెతుక్కోవాలి గదా, వెతకకుండానే కబురు పంపితే మన దగ్గరకు ఎవరు వస్తారని పైఅధికారి మొదట పెదవి విరిచాడట. అప్పుడాయన కంపెనీ స్థాపకులైన లారీ పేజ్, సెర్గే బ్రిన్ గార్లకే దానిని చూపించగా, వారు మెచ్చుకొన్నారు. తరువాత ఆయన ఆ ఉద్యోగం విడిచి, కాలిఫోర్నియాలో బాదం, ఆప్రికాటు తోటలు పెట్టి వ్యవసాయం చేసుకొంటున్నట్టు పత్రికలు వ్రాసినవి. పల్లెటూరి నుంచి వెళ్ళి, ప్రపంచానికంతకూ ఒక కాపలావాడిని తయారుచేసి ఇచ్చి, మళ్ళీ మట్టిలోకే పోవడం ఎంత ముచ్చటైన కథ!

ఆ కాపలావాడిని మనం పనిలో పెట్టుకోవడానికి మూడు నిమిషాలు చాలును. ఈమెయిలు ఉన్నవారు ఎవరైనా, ఆ పుటలో అంగడి పేరును కొటేషన్ గుర్తుల మధ్య వ్రాసి, రోజుకొకసారో వారానికొకసారో కబురు పంపమని కోరితే సరి. పత్రికలోనో, మరొక పుటలోనో ఆ పేరు పడితే ఉత్తరం వస్తుంది. ఐతే ఒక్క సంగతి మరవరాదు. పటంమీద వాడుకవాళ్ళు వ్రాసే అభిప్రాయాలు ఈ కాపలావాడి కంటబడవు. వాటిని మన కళ్ళతో మనమే చూసుకోవాలి.

మేము చేసిన తెలివితక్కువ పని

ఇంతవరకు ఇతరుల సంగతి చెప్పాము. ఇక మా సంగతి చెప్పుకోవాలి. దాచి ప్రయోజనం లేదు.

పిన్ని మెడలో మంగళసూత్రం లాగా, అంగడికి చిరునామా, వేళలు, ఫోను నెంబరు అన్నీ సరిగా కూర్చి, ఎర్ర అక్షరాలు తీయించేసరికి మే నెల వచ్చింది. పని పూర్తి అయినందుకు మాకు కొంచెం గర్వం తలకెక్కింది. చూస్తే అంగడికి తొమ్మిదిమంది అభిప్రాయాలే ఉన్నవి. ఐదు నక్షత్రాలకుగాను మూడు చిల్లర. పక్కపేటలో నిన్నగాక మొన్న వెలసిన అంగడికి వందలకొద్దీ అభిప్రాయాలు, నాలుగున్నర నక్షత్రాలు! మాకు ఉక్రోషం వచ్చింది. మా ఆఫీసులో స్నేహితులను, ఇద్దరు డ్రైవర్లను, మా ఇంటావిడను, మా అబ్బాయిని పట్టుకొని, తలా ఒకటి వ్రాయించాము. రెండు రోజులలో పన్నెండు అభిప్రాయాలు, అన్నీ ఐదేసి నక్షత్రాలే! బాబాయికి చూపించి, "చూశారా మన ప్రతాపం!" అన్నాము.

ఆయన అన్నీ ఓపికగా చదివి, "ఏమయ్యా, మనం బిరియానీ ఎప్పుడు అమ్మాము?" అన్నారు.

మా డ్రైవరు ఒకడు "ఇక్కడి బిరియానీ చాల బాగుంటుంది" అని వ్రాసిపెట్టాడు! వాడు ఆ అంగడి మొహం కూడా చూసినవాడు కాడు. మేము నవ్వబోయాము గాని, బాబాయి నవ్వలేదు. "ఇది చదివినవాడు మిగతా పదకొండూ కూడా ఇట్లాంటివే అనుకోడూ? నిజంగా తిని వ్రాసిన ఆ తొమ్మిదిమంది మాట కూడా అబద్ధమైపోదూ?" అన్నారు. మాకు నోట మాట రాలేదు. నెల తిరగకుండానే వాటిలో ఏడు వాటంతటవే మాయమైనవి. యంత్రం పసిగట్టి తీసివేసింది కాబోలు. మిగిలిన ఐదూ మేమే సిగ్గుపడి ఒక్కొక్కరినీ అడిగి తీయించాము. అందులో ఒకటి మేము స్వయంగా వ్రాసినది.

ఇట్లాంటి దొంగ నక్షత్రాలు లోకంలో ఎన్ని ఉన్నవో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. తమ నియమాలకు విరుద్ధమైన అభిప్రాయాలు 2023లో 17 కోట్లకు పైగా, 2024లో 24 కోట్లకు పైగా ఆపివేయడమో, తీసివేయడమో జరిగిందని గూగుల్ వారే ప్రకటించారు. లండన్ నగరంలో 2017లో ఊబా బట్లర్ అనే రచయిత ఇంకా చిత్రమైన పని చేశాడు. తన పెరటిలోని కొట్టానికి ఒక భోజనశాల పేరు పెట్టి, స్నేహితులచేత లేనిపోని పొగడ్తలు వ్రాయించాడు. అక్కడ పొయ్యి లేదు, వంటవాడు లేడు, ఒక్కరికీ ఒక్క మెతుకు వడ్డించలేదు. ఐనా ఆ సంవత్సరం నవంబరులో ట్రిప్ అడ్వైజర్ పట్టికలో లండన్ భోజనశాలలన్నిటిలోకీ అదే మొదటిస్థానంలో నిలిచింది! పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న మాటకు ఇంతకంటే సాక్ష్యం ఏమి కావాలి?

మన దేశంలో కూడా ప్రభుత్వం ఈ విషయం పట్టించుకొన్నది. 2022 నవంబరులో భారత ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 19000 అనే ప్రమాణం వెలువరించింది. వస్తువుల మీద, అంగళ్ళ మీద జనం వ్రాసే అభిప్రాయాలను ఎట్లా సేకరించాలి, ఎట్లా సరిచూడాలి, ఎట్లా ప్రకటించాలి అనే నియమాలు అందులో ఉన్నవి. డబ్బిచ్చి కొన్న అభిప్రాయాలు, అంగడివాళ్ళు తమ మనుషులచేత వ్రాయించిన అభిప్రాయాలు పనికిరావని అది చెబుతున్నది. అప్పుడు దానిని స్వచ్ఛందంగా పాటించవలసినదిగానే పెట్టారు. అమెరికాలో ఐతే దొంగ అభిప్రాయాలను కొనడం, అమ్మడం నిషేధించే నియమం 2024 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చింది.

మన ఇళ్ళలోని పిల్లలకు కూడా ఒక మాట చెప్పాలి. "ఇంట్లో కూర్చొని హోటళ్ళకు ఐదు నక్షత్రాలు వేయండి, ఒక్కొక్కదానికి ఇంత ఇస్తాము" అని వాట్సాప్ లో, టెలిగ్రామ్ లో కబుర్లు వస్తున్నవి. మొదట నూరో, నూట యాభయ్యో నిజంగానే ఇస్తారు. ఆ నమ్మకం కుదిరిన తరువాత "పెద్ద పని ఇస్తాము, ముందు కొంత జమ కట్టండి" అంటారు. కట్టిన డబ్బు మరి తిరిగి రాదు. ఇట్లాంటి మోసాలకు వాడిన వంద పైచిలుకు వెబ్ సైట్లను 2023 డిసెంబరులో కేంద్రప్రభుత్వం మూయించింది. ఎవరైనా చిక్కుకొంటే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930 నెంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చెబితే, డబ్బు చేయి దాటకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ.

రెండు నక్షత్రాల ఉత్తరం

శ్రావణమాసం వెళ్ళిన తరువాత అసలు పరీక్ష వచ్చింది. ఒకావిడ రెండే నక్షత్రాలు వేసి, "వరమహాలక్ష్మి వ్రతానికి ఆవకాయ కొన్నాను. పదిరోజులలోనే పైన బూజు పట్టింది. పేరు విని మోసపోయాను" అని కన్నడంలో వ్రాసింది.

మాకు ఒళ్ళు మండిపోయింది. పిన్ని ఆవకాయకు బూజా! వెంటనే ఫోను తీసి, "మా అంగడిలో అట్లాంటిది ఎన్నడూ జరగదు. మీరు ఎవరో పోటీవాళ్ళు పంపిన మనుషులు" అని మంచి కన్నడంలో నాలుగు వాక్యాలు దట్టించి, పంపేముందు పిన్నికి చదివి వినిపించాము.

పిన్ని చేతిలోని పళ్ళెం కింద పెట్టి, "ఏ పండుగకు కొన్నానన్నది?" అని అడిగింది.

"వ్రతానికి."

కొంచెంసేపు ఆలోచించి, "ఆ వారమంతా ముసురు పట్టింది. గాజుసీసాలు చాలక కొత్త ప్లాస్టిక్ డబ్బాలు తెప్పించాము. కడిగి ఎండలో పెట్టడానికి ఎండేది? గుడ్డతో తుడిచి నింపేశాము. ఆవిడ అబద్ధం చెప్పలేదు అబ్బాయీ" అన్నది.

అంతే! తడి తగిలిన పచ్చడికి బూజు రాక ఏమవుతుంది? మూలనున్న డబ్బాలు తెరిచి చూస్తే ఇంకొక మూడింటిలో సన్నగా తెల్లటి పొర కనబడింది. మూడూ పారబోశారు. ఆవిడ ఆ రెండు నక్షత్రాలు వ్రాయకపోతే ఆ మూడు డబ్బాలూ మరి మూడు ఇళ్ళకు వెళ్ళి ఉండేవి. ఆ మూడు ఇళ్ళవాళ్ళు ఏమీ వ్రాయకుండా, ఏమీ అనకుండా, మళ్ళీ మన గుమ్మం తొక్కకుండా ఊరుకొనేవారు. పిన్ని ఆ వేసవిలో భయపడినట్టే జరిగి ఉండేది. మొహంమీద చెప్పినవాళ్ళు మనకు శత్రువులు కారని మాకు అప్పుడు బోధపడింది.

మేము వ్రాసిన నాలుగు వాక్యాలూ కొట్టివేసి, పిన్ని చెప్పినట్టు మళ్ళీ వ్రాశాము. "అమ్మా, తప్పు మాదే. ఆ వారం ముసురులో డబ్బాలు సరిగా ఆరలేదు. మిగిలిన డబ్బాలు కూడా తీసివేశాము. మీరు ఎప్పుడు వచ్చినా మీ డబ్బు గాని, వేరే పచ్చడి గాని ఇస్తాము" అన్నదే ఆ జవాబు. నక్షత్రాలు మార్చమని ఆవిడను అడగలేదు. అట్లా అడగడం, అందుకు బదులుగా ఏదైనా ఇస్తామనడం మర్యాదా కాదు, నియమమూ కాదు.

ఆవిడ తిరిగి రాలేదు. ఆ రెండు నక్షత్రాలు ఇప్పటికీ అక్కడే ఉన్నవి. కాని దీపావళికి జయనగరం నుంచి ఒక పెద్దాయన వచ్చి, నాలుగు సీసాలు కట్టించుకొని, పోతూ పోతూ, "పొగిడినవాళ్ళ మాటలు నేను చూడలేదండీ. తప్పు ఒప్పుకొన్న మీ జవాబు చూసి వచ్చాను" అన్నాడు. ఆయన వెళ్ళిన తరువాత పిన్ని చాలసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ సాయంత్రం మాకు కాఫీ మాత్రం రెండుసార్లు వచ్చింది.

శనివారం పది నిమిషాలు

ఈ అనుభవంమీద మేము ఒక వాడుక పెట్టుకొన్నాము. మన సంఘంలో చిన్న వ్యాపారాలు చేసుకొనేవారికి ఉపయోగిస్తుందని చెబుతున్నాము. వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టుకోవడం రోజూ చేసే పని. ఇది వారానికి ఒకసారి చేసినా చాలును.

మొదటిది: శనివారం సాయంత్రం అంగడి పేరును మన ఫోనులో గాక, వేరొకరి ఫోనులో వెతికించాలి. మన ఫోనుకు మన వాడుక తెలుసును కనుక, కొత్తవాడికి కనబడే తీరు అందులో కనబడకపోవచ్చును. తెరిచి ఉన్నట్టు చూపుతున్నదా, చిరునామా సరిగా ఉన్నదా, ఫోను నెంబరు మనదేనా అన్నవి చూడాలి. ఆ నెంబరుకు ఒకసారి ఫోను చేసి, మోగుతున్నది మన అంగడిలోనేనని చెవులారా వినాలి.

రెండవది: పేరు అన్నిచోట్లా ఒక్క తీరుగా ఉండాలి. మన తెలుగు పేర్లను ఇంగ్లీషులో వ్రాసేటప్పుడు బోర్డుమీద ఒక విధంగా, చీటీమీద ఒక విధంగా, పటంలో మరొక విధంగా వ్రాస్తాము. వెతికేవాడికి అవి మూడు అంగళ్ళుగా కనబడినా ఆశ్చర్యం లేదు. ఇంకొక మాట. మనం ఉన్నది కన్నడ దేశంలో. అంగడి బోర్డుమీద 60 శాతం కన్నడం ఉండాలని 2024లో కర్ణాటక ప్రభుత్వం చట్టం సవరించింది. చట్టంకోసమే కాదు, మనకు అన్నం పెట్టే ఊరి భాషలో మన పేరు ఉండడం న్యాయం. బోర్డుమీద ఉన్న కన్నడం ఫోనులో కూడా ఉంటే, కన్నడంలో వెతికేవారికి దారి సుళువవుతుంది.

మూడవది: సెలవు రోజులు ముందుగా తెలియజేయాలి. ఉగాదికి అంగడి మూసి ఊరికి పోతూ పటంలో తెరిచి ఉన్నట్టే వదిలితే, ఎండలో పడి వచ్చినవాడు నక్షత్రం తీసివేయక ఏమి చేస్తాడు?

నాలుగవది: ఎవరేమి వ్రాసినా జవాబు ఇవ్వాలి. పొగిడితే ఒక్క మాట చాలును. నిందిస్తే ఆ రాత్రి జవాబు వ్రాయవద్దు. మరునాడు ఉదయం, ముందు సరుకు చూసుకొని, తరువాత వ్రాయాలి. వ్రాసింది ఇంట్లో ఆడవారికి ఒకసారి చదివి వినిపించడం మరీ మంచిది. నింద నిజంగా అబద్ధమైతే, మన అంగడికి రానివాడు వ్రాసినదైతే, బూతులు ఉంటే, తీసివేయమని కోరడానికి అక్కడే దారి ఉన్నది. నిజమైన నిందను తీయించాలని మాత్రం చూడవద్దు.

ఐదవది: తిని సంతోషించిన వాడుకవాళ్ళను, "వీలైతే రెండు మాటలు వ్రాయండి" అని అడగడంలో తప్పు లేదు. అంతే అడగాలి. ఎన్ని నక్షత్రాలో, ఏ మాటలో మనం చెప్పకూడదు. ఇట్లా అడిగి అడిగి, ఏడాదిలో బాబాయి అంగడికి నలభై పైన అభిప్రాయాలు వచ్చినవి. అన్నీ తిన్నవాళ్ళు వ్రాసినవే. బిరియానీ ఊసు ఎక్కడా లేదు.

ఇవన్నీ పెద్దవాళ్ళకు కష్టమే. చూపు ఆనదు, చేయి వణుకుతుంది, భాష కొత్త. కనుక మన సంఘంలోని యువతీయువకులకు ఒక మనవి. మీ పేటలో మనవాళ్ళ అంగడి, మెస్సు, దర్జీ కొట్టు, ట్యూషన్ బడి ఏదైనా ఉంటే, ఒక శనివారం పోయి పది నిమిషాలు కూర్చొని ఆ పేరు వెతికి చూపించండి. ఎర్ర అక్షరాలు ఎక్కడైనా దాగి ఉన్నవేమో చూడండి. దానికి చదువు ఎక్కువ అక్కరలేదు. మాబోటి గుమాస్తాలు చేయగలిగిన పనే.

ఈ ఏడు పిన్ని మళ్ళీ ఆవకాయ పెట్టింది. అంగడి ఎత్తివేసే మాట ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదు. డబ్బాలు కడిగి డాబామీద రెండు ఎండలు ఎండనిచ్చి గాని నింపనివ్వదు. మేము ఆఫీసు నుంచి వస్తూ శనివారంనాడు అంగడి మెట్లు ఎక్కగానే, బాబాయి కళ్ళజోడు పైకెత్తి, ప్రతివారమూ అదే ప్రశ్న అడుగుతారు.

"ఏమయ్యా, ఇవాళ మన అంగడి తెరిచే ఉన్నట్టేనా?"

ఫోను చూసి, "తెరిచే ఉన్నది బాబాయి" అని చెప్పి, మేము బల్లమీద కూర్చొంటాము.